గుంట గట్టు దాకా వెళ్లని స్ప్రింట్

నెల్లూరులో ఆరేడుగురున్న ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ రొయ్యల సాగు కోసం యాప్ చేస్తోందనుకుందాం. ఏ గుంటలో ఎంత మేత వేశారు, రొయ్యలు ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుంది, రొయ్య ఏ కౌంట్‌కి వచ్చింది, ఇవాళ ఆ కౌంట్‌కి ధరెంత, ఇవన్నీ ఫోన్లోనే రాసుకుని చూసుకునే యాప్. ఎజైల్ పద్ధతిలో పని: రెండు వారాలకో స్ప్రింట్ (ఆ గడువులో పూర్తిచేయాల్సిన పని విడత), రోజూ పొద్దున పావుగంట స్టాండప్ సమావేశం, బోర్డు మీద పనులు రాసిన కార్డులు ఒక గడి నుంచి ఇంకో గడికి జరుగుతుంటాయి, స్ప్రింట్ ఆఖర్న ఏసీ గదిలో పెద్ద టీవీ మీద డెమో. అంతా సవ్యంగానే నడుస్తోంది. ఆరు స్ప్రింట్లయ్యాక యాప్ ఇందుకూరుపేట అవతల ఒక గుంట గట్టు మీదికి వెళ్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తెర మీద లేత బూడిదరంగు అక్షరాలు కనపడవు. మేత వేసి వచ్చిన కుర్రాడి వేళ్లు తడిగా ఉంటాయి, బటన్ మూడుసార్లు నొక్కినా పడదు. తెర మీద "ఫీడ్ ఎంట్రీని సమర్పించండి" అని ఉంటుంది. "ఏందన్నా ఇది, యాడ నొక్కాల?" అని అడుగుతాడు.

వీటన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. కౌంట్ అరవై నుంచి యాభైకి వచ్చిన రోజున యాప్ కిందికి దిగే ఎర్ర బాణం చూపిస్తుంది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. అరవై తూగేది యాభైకి వచ్చిందంటే రొయ్య పెరిగిందని అర్థం, కిలోకి వచ్చే ధర కూడా పెరుగుతుంది. రైతు సంతోషపడాల్సిన రోజున యాప్ నష్టం అని చెబుతోంది. అంకె తగ్గితే ఎరుపు, పెరిగితే ఆకుపచ్చ అన్నది కోడ్ రాసేవాళ్లకు చేతికి అలవాటైపోయిన పద్ధతి, వాళ్లు దాన్నే పెట్టారు. టెస్టింగ్‌లోనూ ఇది దొరకదు. టెస్టర్ కార్డులో రాసినదానితో పోల్చి చూస్తారు, కార్డులో అలాగే రాసి ఉంది.

ఈ ఉదాహరణలో ఎవరూ పని ఎగ్గొట్టలేదు. డెవలపర్లు రాత్రిళ్లు కూర్చున్నారు, డిజైనర్ ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్‌లో తెరలన్నీ శుభ్రంగా గీసి ఇచ్చారు, డెడ్‌లైన్ తప్పలేదు. ఇలాంటప్పుడు ఎక్కువమంది చెప్పే కారణం "యూఎక్స్‌కి టైమ్ చాల్లేదు" అని. యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్, వాడేవాళ్లకు కలిగే అనుభవం. టైమ్ ఇంకో రెండు వారాలు ఇచ్చినా ఆ బాణం ఎర్రగానే ఉండేది. "అయిపోయింది" అన్న మాటకు ఆ టీమ్ పెట్టుకున్న అర్థంలో యాప్ వాడే మనిషి ఎక్కడా లేడు, చిక్కంతా అక్కడుంది.

ఇది ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1990లలో పెద్ద ప్రాజెక్టు అంటే ముందు నెలల తరబడి వందల పేజీల డాక్యుమెంట్లు రాయడం, తర్వాత వాటిని చూసి కోడ్ రాయడం, చివరికి చేతికొచ్చేసరికి అవసరమే మారిపోయి ఉండటం. దాంతో విసిగిపోయిన 17 మంది 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే కొండల విడిదిలో కూర్చుని ఎజైల్ ప్రకటన రాశారు. మందపాటి డాక్యుమెంట్ల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి, ప్లాన్‌ని పట్టుకుని వేలాడటం కన్నా మార్పుకు తగ్గట్టు నడుచుకోవడానికి ఎక్కువ విలువ ఇస్తామన్నారు. దానికి తోడు 12 సూత్రాలు. ఆ సూత్రాలను ఈ కళ్లతో మళ్లీ చదివితే ఒక సంగతి కనపడుతుంది. "కస్టమర్" మొదటి రెండు సూత్రాల్లోనే ఉన్నాడు. "యూజర్లు" అన్న మాట మాత్రం ఒకే ఒక్క చోట వస్తుంది, అది కూడా పని వేగం నిలకడగా ఉండాలని చెప్పే సూత్రంలో. "డిజైన్" అన్న మాట ఉన్నచోట వాళ్ల దృష్టి ప్రధానంగా సాఫ్ట్‌వేర్ లోపలి కట్టుబడి మీద ఉంది. రాసినవాళ్లు ప్రోగ్రామర్లు, వాళ్ల బాధ వాళ్లు రాసుకున్నారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ పాతికేళ్లుగా లోకమంతా ఆ ప్రకటన మీద పని నడుపుతుంటే అందులో లేని మనిషి టీమ్‌లో కూడా లేకుండా పోయాడు.

కస్టమర్ వేరు, యూజర్ వేరు. మన రొయ్యల యాప్‌కి డబ్బిచ్చేది ఒక మేత కంపెనీ కావచ్చు, రొయ్య పిల్లలను అమ్మే హేచరీ కావచ్చు. గుంట లీజుకు తీసుకుని పెట్టుబడి పెట్టే రైతు ఇంకొకరు, ఆయన టౌన్‌లో ఉండి రోజుకోసారి వచ్చి పోతుండవచ్చు. గట్టు మీద షెడ్‌లో పడుకుని, ఆక్సిజన్ బాగా పడిపోయే తెల్లవారుజామున లేచి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసేది మూడో మనిషి. డెమోకి వచ్చి బాగుంది అనేది మొదటివాళ్లు, రోజుకు నాలుగుసార్లు యాప్ తెరవాల్సింది మూడో మనిషి. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతిలో కస్టమర్ టీమ్‌తో పాటే ఒకే గదిలో కూర్చోవాలన్న నియమం ఉండేది. స్క్రమ్ అనే ఇంకో ఎజైల్ పద్ధతిలో దాదాపు ఆ కుర్చీలోకి, ఏ పని ముందు చేయాలో తేల్చే ప్రొడక్ట్ ఓనర్ వచ్చారు. చాలా టీముల్లో ఈ ప్రొడక్ట్ ఓనర్‌కి యూజర్ గురించి తెలిసింది మేనేజర్ చెప్పగా విన్నది, మేనేజర్‌కి తెలిసింది సేల్స్‌వాళ్లు చెప్పగా విన్నది. మూడు నోళ్లు మారిన మాట కార్డులోకి ఎక్కేసరికి "ఒక రైతుగా నాకు డాష్‌బోర్డు కావాలి" అని తయారవుతుంది. ఏ రైతూ ఆ మాట అని ఉండడు.

యూజర్ ఎక్స్‌పీరియన్స్ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది డిజైన్ నిపుణుడు డాన్ నార్మన్. 1993లో ఆపిల్‌లో చేరినప్పుడు ఆయన తన హోదాలోనే ఆ మాట పెట్టుకున్నారు, ఇంటర్‌ఫేస్, యూజబిలిటీ అన్న మాటలు తాను చెప్పాలనుకున్నదానికి ఇరుకైపోయాయని. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9241-210 ఇంకో మెట్టు ముందుకెళ్లి, వస్తువును వాడినప్పుడు కలిగేదే కాక, వాడబోతున్నప్పుడు మనిషి ఏం ఊహించుకుంటాడో అది కూడా ఇందులో భాగమే అంటుంది. "ఈ యాప్‌లో రాస్తే మా లెక్కలన్నీ కంపెనీవాళ్లకు తెలిసిపోతాయేమో" అన్న అనుమానం రైతుకు ఇన్‌స్టాల్ చేయకముందే ఉంటుంది. ఆ అనుమానం తీర్చడం యూఎక్స్ పనే, దానికి ఏ రంగు బటనూ సాయం చేయదు. అయినా మన దగ్గర యూఎక్స్ అంటే తెరలు గీసిపెట్టే పని అనే చాలా కంపెనీల్లో నడుస్తోంది. ఉద్యోగ ప్రకటనల్లో యూఐ (తెర రూపం), యూఎక్స్ రెండూ కలిపి ఒకే గీత పెట్టి రాసేస్తారు.

డిజైన్ పనిలో మూడు భాగాలుంటాయి. మనిషిని తెలుసుకోవడం, తోచింది గీయడం, గీసింది పనిచేస్తుందో లేదో చూడటం. మధ్యదొక్కటే కార్డు మీద చక్కగా ఇముడుతుంది, ఇన్ని పాయింట్లని (పని ఎంత పెద్దదో చెప్పే అంకె) అంచనా కట్టొచ్చు, రెండు వారాల్లో అయ్యిందో కాలేదో చెప్పొచ్చు. మొదటి దానికి, చివరి దానికి ఆ సౌకర్యం లేదు. ఒకసారి గుంట దగ్గరికి వెళ్లొస్తే అరగంటలో అసలు విషయం దొరకొచ్చు, మూడుసార్లు వెళ్లినా దొరకకపోవచ్చు. అంచనాకు లొంగని పనిని బోర్డు తనంతట తానే బయటికి నెట్టేస్తుంది. ఈ గొడవ కొత్తదేం కాదు. 2002లోనే ఇంటరాక్షన్ డిజైన్ నిపుణుడు అలన్ కూపర్‌ని, ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ రూపొందించిన కెంట్ బెక్‌ని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించారు. కోడ్ మొదలుపెట్టకముందే మనుషుల ప్రవర్తన తెలుసుకుని డిజైన్ పూర్తిచేయాలి, కట్టడం మొదలయ్యాక మార్చడం కష్టం అన్నది కూపర్ వాదన. అలా ముందే మొత్తం తేల్చేసే దశ పెడితే మళ్లీ పాత పద్ధతికే పోతాం, డిజైన్ కూడా కొంచెం కొంచెంగా కోడ్‌తో పాటే పెరగాలన్నది బెక్ వాదన. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. రొయ్యల కౌంట్ అంటే ఏమిటో తెలియకుండా మొదటి కార్డు రాయకూడదు, అక్కడ కూపర్ చెప్పింది సరి. మేత రాసే తెరలో అంకెలు పెద్దగా ఉండాలా, ప్లస్ మైనస్ గుర్తులుండాలా అన్నది మాత్రం గట్టు మీద వాడితే తప్ప తేలదు, అక్కడ బెక్ చెప్పిందే సరి.

మధ్యేమార్గంగా వచ్చిన పద్ధతుల్లో ఎక్కువగా చెప్పుకునేది యూజబిలిటీ నిపుణురాలు డెసిరే సై 2007లో రాసిన పత్రం. ఆమె టీమ్‌లో డిజైనర్లు కోడ్ కన్నా ఒక స్ప్రింట్ ముందుండేవారు. ఈ స్ప్రింట్‌లో డెవలపర్లు రాస్తున్న భాగానికి డిజైన్ కిందటి స్ప్రింట్‌లోనే సిద్ధమై ఉంటుంది, డిజైనర్లు ఇప్పుడు వచ్చే స్ప్రింట్‌కి గీస్తుంటారు, ఆ పై దానికి కావలసిన సమాచారం యూజర్ల దగ్గర సేకరిస్తుంటారు, కిందటి స్ప్రింట్‌లో తయారైన కోడ్‌ని యూజర్లతో వాడించి చూస్తుంటారు. కాగితం మీద బాగుంది, అనుభవమున్న డిజైనర్లు తగినంత మంది ఉన్నచోట నిజంగానే నడిచింది. మన దగ్గర ఒకే డిజైనర్‌ని మూడు టీములకు పంచుతారు. ఒకే రోజు నాలుగు కాలాల్లో బతకమంటే ఏ మనిషైనా ముందు దేన్ని వదిలేస్తాడు? ఎవరూ అడగనిదాన్ని. యూజర్ల దగ్గరికి వెళ్లలేదని స్టాండప్‌లో ఎవరూ అడగరు, తెర ఇంకా రాలేదని మాత్రం రోజూ అడుగుతారు. అలా నాలుగు పనుల్లో రెండు రాలిపోయి, డిజైనర్ ఒక స్ప్రింట్ ముందు గీసి అవతల పడేయడం, డెవలపర్ ఒక స్ప్రింట్ తర్వాత ఎత్తుకోవడం మిగులుతుంది. వద్దనుకున్న పాత పద్ధతే రెండు వారాల ముక్కలుగా తిరిగొచ్చిందన్నమాట. ఆ తర్వాత డ్యూయల్ ట్రాక్ అన్న పేరు వచ్చింది, ఏం కట్టాలో వెతకడం ఒక దారి, కట్టడం ఒక దారి, రెండూ పక్కపక్కనే ఎప్పుడూ నడుస్తుండాలని. ఇందులో జనం తరచూ మరిచిపోయేది, రెండు దారుల్లోనూ నడవాల్సింది ఒకే టీమ్ అన్న సంగతి. వెతికేవాళ్లు వేరు, కట్టేవాళ్లు వేరు అయితే ఇది కూడా గోడ మీంచి విసురుకోవడమే.

ఒంగోలు వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇంకో చిక్కు చెప్పడం తేలిక. బరి పొడవు కొంతే ఉంటుంది, ఎడ్ల జత బండను ఆ చివరిదాకా లాగి, తిప్పుకుని మళ్లీ ఈ చివరికి లాగుతుంది, ఇచ్చిన సమయంలో మొత్తం ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. పోటీకి ఆ కొలత సరైనదే, తేలాల్సింది ఎడ్ల సత్తా కాబట్టి. స్ప్రింట్ వెలాసిటీ, అంటే ఒక స్ప్రింట్‌లో ఎన్ని పాయింట్ల పని అయ్యిందన్న లెక్క, అచ్చం అలాంటి కొలతే, టీమ్ సత్తా చెబుతుంది. బండ ఎవరి ఇంటికి చేరింది అన్నది అందులో ఉండదు. నలభై పాయింట్ల స్ప్రింట్ అయ్యాక బరిలో దుమ్ము బాగా లేస్తుంది, గుంట దగ్గర కుర్రాడు మాత్రం మేత లెక్క పాత నోటుబుక్కులోనే రాస్తుంటాడు. వెలాసిటీని పై అధికారికి చూపించే అంకెగా వాడటం మానేస్తే యూఎక్స్‌కి సగం మేలు జరుగుతుందని గట్టిగా చెప్పొచ్చు, ఎందుకంటే పని ఆపి "ఇది పనికొస్తుందా?" అని అడిగిన ప్రతిసారీ ఆ అంకె పడిపోతుంది, అడిగినవాళ్లే దోషులవుతారు.

మరి చూడటం ఎలా? ఖర్చు ఎక్కువవుతుందన్న భయం అనవసరం. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరం ఇంకా ఉంది. పలక గొప్పతనం తుడిచేయొచ్చు అన్నదే, తప్పు రాస్తే చేత్తో తుడిచి మళ్లీ రాయడం, కాగితం దండగ అన్న బాధ లేకపోవడం. మొదటి డిజైన్ అలాంటి దాని మీదే ఉండాలి, తెల్లకాగితం మీద పెన్సిలుతో గీసిన తెర చాలు. ఫిగ్మాలో రంగులద్ది తీసుకెళ్తే చూసేవాళ్లు "బాగుంది సార్" అంటారు, అంత కష్టపడి చేసినదాన్ని బాగాలేదనడానికి మొహమాటం. పెన్సిల్ గీత చూపిస్తే "ఇది కాదు, ముందు గుంట నంబరు రావాల" అని వేలు పెట్టి చెబుతారు.

మొహమాటం సంగతి వచ్చింది కాబట్టి, యూజర్ టెస్టింగ్ గురించి బయటి దేశాల్లో రాసిన సలహాలను ఇక్కడ మార్చుకోవాల్సింది ఇక్కడే. మన ఊళ్లలో ఇంటికి వచ్చినవాళ్ల పనిని మొహం మీద తప్పు పట్టరు. కుర్చీ వేస్తారు, కొబ్బరి బోండాం కొట్టిస్తారు, "మీరు చదువుకున్నోళ్లు, మీకు తెలీందేముంది" అంటారు. అందుకే అభిప్రాయం అడగకూడదు, పని అడగాలి. "ఈ యాప్ ఎలా ఉంది?" అని అడక్కుండా "ఇవాళ పొద్దున వేసిన మేత ఇందులో రాయన్నా" అని ఫోన్ చేతికిచ్చి నోరు మూసుకుని కూర్చోవాలి. వేలు ఎక్కడ తడబడింది, ఎక్కడ ఆగింది, ఎప్పుడు తలెత్తి మన మొహం చూశాడు, అవన్నీ రాసుకోవాలి. మధ్యలో చెప్పేయాలనిపిస్తుంది, చెప్పకూడదు. ఇంకొకటి, యజమాని పక్కన నిలబడి ఉంటే పనివాడు తడబాటు దాస్తాడు, యజమానే ఫోన్ లాక్కుని చేసి చూపిస్తాడు కూడా. ఆ రెండు పరీక్షలు విడివిడిగా పెట్టుకోవాలి. వీడియో తీసేట్టయితే ముందే అడగాలి, మొహం అక్కర్లేదు, చేతులు, ఫోన్ కనపడితే చాలు.

ఎంతమందితో చూడాలన్నదానికి యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో చెప్పిన అయిదుగురు అన్న లెక్క ఇప్పటికీ చెల్లుతుంది, కాకపోతే దాన్ని సగమే గుర్తుపెట్టుకుంటారు. ఆయన చూసిన అధ్యయనాల్లో ఒక్కో యూజర్ సగటున 31 శాతం సమస్యలు బయటపెట్టేవారు. ఒకరికి దొరకనిది 69 శాతం, అయిదుగురికీ దొరకకుండా పోయేది 0.69ని అయిదుసార్లు హెచ్చిస్తే వచ్చేది, అంటే సుమారు 16 శాతం. దాదాపు 85 శాతం సమస్యలు అయిదుగురితోనే బయటపడతాయి. మరిచిపోయే సగం ఏమిటంటే, ఇది ఒకే రకం యూజర్లకు చెప్పిన లెక్క. రకాలు మూడు ఉంటే ఒక్కో రకంలో ముగ్గురేసి చూడమన్నారాయన. మన యాప్‌కి రైతు, పనివాడు, కొనే ఏజెంటు ముగ్గురూ మూడు రకాలు, అంటే తొమ్మిది మంది. పదిహేను మందితో ఒకేసారి చూడటం కన్నా అయిదుగురితో చూసి, దిద్ది, మళ్లీ అయిదుగురితో చూడటం మేలని కూడా ఆయనే చెప్పారు. ఎజైల్ నడకకు ఇంతకన్నా అతికే సలహా ఇంకోటి లేదు.

ఇక తెలుగు. ఈ విషయం మీద ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలా టీముల్లో భాష ఆఖరి స్ప్రింట్‌లో ఒక కార్డు, "తెలుగు అనువాదం, మూడు పాయింట్లు" అని. తెరలన్నీ ఇంగ్లీషు మాటల పొడవుకు గీసి ఉంటాయి. "సేవ్" కోసం గీసిన బటన్‌లో "భద్రపరచండి" పట్టదు, చివర మూడు చుక్కలు పడతాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుస ఎత్తులో మన గుడులు, ఒత్తులు ఇమడవు, "పట్టుబడి"లో ట ఒత్తు కింద తెగిపోతుంది, పై వరుసలో ఒత్తు కింది వరుసలో గుడికి తగులుతుంది. ముఖ్యమైన మాటను పెద్దక్షరాల్లో చూపించే ఇంగ్లీషు పద్ధతి మనకు లేదు, మనకు పెద్దక్షరాలే లేవు. అక్షరాల లెక్క ఇంకో తిప్పలు. "స్త్రీ" చూసేవాళ్లకు ఒక్క అక్షరం, కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్‌లో మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, ఆపైన దీర్ఘపు గుడి. ఇరవై అక్షరాల పరిమితి పెట్టిన పెట్టెలో తెలుగు పేరు సగంలో ఆగిపోవడానికి కారణం ఇదే. పేరు అనగానే మొదటి పేరు, చివరి పేరు అని రెండు పెట్టెలు వస్తాయి, మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఏది ఎక్కడ రాయాలో తెలియక పాస్‌బుక్‌లో ఒకలా, యాప్‌లో ఒకలా పడి, రేపు డబ్బులు పడాల్సినప్పుడు పేరు కలవలేదంటుంది.

మాటల ఎంపిక ఇంకా పెద్దది. "సమర్పించండి" గుళ్లో వినే మాట, మేత లెక్కకు దాన్ని ఎవరూ వాడరు. నోట్లో ఉన్న మాట "సేవ్ చెయ్", "పంపు", "అయింది". ఇంగ్లీషు మాటైనా సరే జనం వాడేదే తెర మీద పెట్టాలి, అది భాషకు ద్రోహం కాదు. ఏరియేటర్‌ని ఏరియేటర్ అనే అంటారు, కౌంట్‌ని కౌంట్ అనే అంటారు. అలాగే కొలతలు. ధాన్యం యాప్ ఏదైనా క్వింటాళ్లు మాత్రమే అడిగితే నెల్లూరు రైతు ఆగి లెక్క వేసుకోవాలి, ఇక్కడ ధర మాట్లాడుకునేది పుట్టిలో, పుట్టి అంటే 850 కిలోలు. ఎనిమిదిన్నర క్వింటాళ్లతో హెచ్చించడం ఫోన్ చేయాల్సిన పని, మనిషి చేయాల్సింది కాదు. పుట్టి అన్న మాటే కొలతగా ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, పక్కనే కిలోలు కూడా కనపడాలి. ఇంటి స్థలాలకు ఇక్కడ అంకణాలు. ఇవేవీ అనువాదంలో తేలేవి కావు, మొదటి స్ప్రింట్‌లో మనుషులతో మాట్లాడితే తేలేవి. పెన్సిల్ గీతల దశలోనే తెలుగులో రాస్తే సగం తలనొప్పి అక్కడే పోతుంది.

ఎండ, తడి, సిగ్నల్ గురించి త్వరగా చెప్పుకోవచ్చు, వాటికి లెక్కలు ముందే ఉన్నాయి. మామూలు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి, గట్టు మీద ఎండకు అంతకన్నా ఎక్కువే పెట్టుకోవాలి. వేలు పడే చోటు ఆండ్రాయిడ్ సలహా ప్రకారం కనీసం 48 డీపీ, సుమారు 9 మిల్లీమీటర్లు, తడి వేళ్లకు ఇంకా పెద్దది కావాలి. నొక్కాక సెకనులోపు ఏదో ఒకటి కదలాలి, పది సెకన్లు దాటితే మనిషి ధ్యాస పోతుంది. సముద్రం ఒడ్డు గ్రామాల్లో సిగ్నల్ వచ్చి పోతుంటుంది కాబట్టి రాసింది ముందు ఫోన్లోనే నిలవాలి, సిగ్నల్ వచ్చాక పంపుకోవాలి, "మీ లెక్క ఫోన్లో ఉంది, పోలేదు" అని ఒక మాట తెర మీద కనపడాలి. అసలు కొత్త యాప్ అవసరమా అని కూడా అడగాలి. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోనే మొదలుపెట్టింది. జనం రోజూ తెరిచే చోటికే పనిని తీసుకెళ్లొచ్చన్న ఆలోచన అది. మేత లెక్కను వాయిస్ మెసేజ్‌గా పంపితే చాలన్న పరిష్కారం ఏ డిజైనర్ గీసిన తెరకన్నా మెరుగ్గా ఉండొచ్చు. తెర గీయడమే డిజైనర్ పని అనుకున్న టీమ్‌కి అసలు ఆ ఆలోచనే రాదు.

అందుకే మార్చాల్సింది బోర్డు మీద "అయిపోయింది" అన్న గడి అర్థం. కోడ్ అయింది, రివ్యూ అయింది, టెస్ట్ అయింది అన్న మూడింటికి ఇంకొకటి చేర్చాలి: వాడాల్సిన మనిషి ఎవరి సాయం లేకుండా వాడగా టీమ్‌లో ఒకరు కళ్లారా చూశారు. ఇది ప్రతి కార్డుకీ అక్కర్లేదు, సర్వర్ మార్పుకో, పాస్‌వర్డ్ తెరకో గుంట దాకా వెళ్లనవసరం లేదు, అలాంటి మామూలు భాగాలకు ముందే తయారుచేసి పెట్టుకున్న బటన్లు, పెట్టెలు, రంగుల సెట్టు ఒకటుంటే డిజైనర్ మళ్లీ మళ్లీ గీయాల్సిన పని తప్పుతుంది, ఆ మిగిలిన రోజులతో బయటికి వెళ్లొచ్చు. మనిషి చేతికి తగిలే కార్డులకు మాత్రం ఈ షరతు ఉండాలి. వెళ్లేది ఎప్పుడూ డిజైనర్ ఒక్కరే కాకూడదు. ఎర్ర బాణం రాసిన డెవలపర్ ఒక్కసారి గట్టు మీద కూర్చుని, రైతు ఆ బాణం చూసి "ఇదేంది, కౌంట్ బాగొచ్చిందిగా" అనడం వింటే, ఆ తర్వాత కార్డులో రాసి లేకపోయినా తనే అడుగుతాడు. కార్డు కూడా వేరేలా రాయొచ్చు. "ఒక రైతుగా నాకు డాష్‌బోర్డు కావాలి" బదులు "చెక్ ట్రే చూసిన కుర్రాడు గట్టు దిగకముందే, ఒక చేత్తో, పది సెకన్లలో మిగిలిన మేత రాయగలగాలి" అని రాస్తే అయ్యిందో కాలేదో గడియారంతో తేల్చొచ్చు.

నెల్లూరు, కావలి, ఒంగోలు ఇళ్లలో కూర్చుని పనిచేసే చాలామందికి యూజర్ గుంట దగ్గర లేడు, వేరే ఖండంలో ఉన్నాడు. వాళ్లకు బండేసుకుని వెళ్లే దారి లేదు. సపోర్ట్‌కి వచ్చే ఫిర్యాదులు వారానికి ఒక గంట డెవలపర్లే కూర్చుని చదవడం, స్క్రీన్ షేర్‌లో అవతలి మనిషి పనిచేస్తుంటే మౌనంగా చూడటం, ఈ రెండూ మాత్రం ఎవరి అనుమతి పెద్దగా లేకుండానే మొదలుపెట్టొచ్చు. ఇక్కడివాళ్ల కోసం ఇక్కడే కట్టే టీమ్‌కి అలాంటి అడ్డు లేదు. బెంగళూరు టీమ్ విమానం టికెట్, హోటల్ ఖర్చు లెక్కేసుకుని ఏడాదికి ఒకసారి చూసే మనిషి వీళ్లకు ముప్పావుగంట దూరంలో ఉన్నాడు.

వెళ్లేటప్పుడు మాత్రం స్ప్రింట్ క్యాలెండర్ పక్కన పెట్టి గుంట క్యాలెండర్ చూడాలి. మేత వేసే వేళల్లో ఎవరికీ ఖాళీ ఉండదు, వేసిన గంటా రెండు గంటలకు చెక్ ట్రే తీసే సమయమే యాప్‌ని నిజంగా వాడే సమయం, తోడు వెళ్లాల్సింది అప్పుడే. రొయ్యలు పట్టే పట్టుబడి రోజున ధరల తెర తప్ప ఇంకేదీ చూపించకూడదు. పంట మూడు నాలుగు నెలలు నడుస్తుంది, అంటే ఏడెనిమిది స్ప్రింట్లు, సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన వారంలో చూసిన తెర, ఆఖరి వారంలో చూసిన తెర ఒకే మనిషి చేతిలో వేరుగా కనపడతాయి కాబట్టి రెండు సార్లూ వెళ్లాలి. పట్టుబడి అయిపోయి గుంట ఎండబెట్టిన రోజుల్లో రైతు తీరిగ్గా కూర్చుని కిందటి పంటలో ఎక్కడ నష్టపోయాడో పూసగుచ్చినట్టు చెబుతాడు. కొత్త పంటకు ఏం కట్టాలన్నది తేల్చుకోవడానికి ఆ రెండు మూడు వారాలను వదులుకోకూడదు. ఆ వారాల్లో టీమ్ కోడ్ తక్కువ రాస్తుంది, వెలాసిటీ గీత పడుతుంది, పడనివ్వాలి.